ఆ కవర్ల మీది స్టాంపులు ఊడదీయకండి

ప్రశ్న: నమస్కారమండీ. విజయవాడలో మాకు ఒక చిన్న స్టాంపుల సంఘం ఉంది. పదిహేడు మంది సభ్యులం. నెలకు రెండు ఆదివారాలు సత్యనారాయణపురంలో ఒక సభ్యుడి మేడ మీద కలుస్తాం. ఈ ఏడాది నన్ను కార్యదర్శిని చేశారు. అంతర్జాతీయ స్టాంపుల ప్రదర్శనలో మన ఊరి పేరు వినపడాలని అందరికీ ఉంది, ఎలాగో మాత్రం ఎవరికీ తెలియదు. అందరి దగ్గరున్న మంచి స్టాంపులు ఒకచోట చేర్చి సంఘం పేరుతో పెడదామని కొందరు అంటున్నారు. తలా కొంత వేసుకుని, చాలకపోతే అప్పు చేసైనా 1948 గాంధీ పది రూపాయల స్టాంపు కొందామని ఇంకొకరు అంటున్నారు. మాలో పెద్దాయన ఒకరు రైల్వే మెయిల్ సర్వీసులో (ఆర్‌ఎంఎస్‌లో) ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీసే సార్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. అందరం బాబాయిగారూ అంటాం. ఆయన దగ్గర రెండు అట్టపెట్టెల నిండా పాత కవర్లు, కార్డులు ఉన్నాయి. "ఉత్తరాలేనమ్మా, వీటినెవరు చూస్తారు" అంటారు. వాటి మీది స్టాంపులు నీళ్ళలో నానబెట్టి తీసి ఆల్బమ్‌లో పెడదామని మా కుర్రాళ్ళు అడిగితే సరేనన్నారు. 2024 సెప్టెంబరు వరదలో సింగ్‌నగర్‌లో ఉండే మా సభ్యుడి ఆల్బమ్‌లు నాలుగు తడిసిపోయాయి. అవి పనికొస్తాయా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— సంఘం కార్యదర్శి, విజయవాడ

సమాధానం:

అమ్మా, మిగతా సంగతులన్నీ తర్వాత. ఇది చదవగానే మీ కుర్రాళ్ళకు ఫోన్ చేసి ఆ నానబెట్టే పని ఆపించండి. ఇప్పటికే ఒకటో రెండో నీళ్ళలో పడి ఉంటే ఏం చేయలేం, మిగతావాటి జోలికి మాత్రం వెళ్ళొద్దని చెప్పండి. మీ సంఘానికి ఉన్న అసలు ఆస్తి ఆ రెండు అట్టపెట్టెలే. మీ పదిహేడు మందిలో అంతర్జాతీయ ప్రదర్శన దాకా వెళ్ళగలిగే సరుకు ఎవరి దగ్గరైనా ఉందంటే, మీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది, అది బాబాయిగారి దగ్గరే ఉంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. మా తాతగారి అన్నగారు బతుకుతెరువుకు రంగూన్ వెళ్ళారు. ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాల నుంచి ఎందరో అలా వెళ్ళారు. ఆయన రాసిన ఉత్తరాలు గుంటూరులో మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టెలో ఉండేవి. నాకు పన్నెండేళ్ళప్పుడు వాటి మీది స్టాంపులన్నీ బకెట్టు నీళ్ళలో నానబెట్టి తీసుకుని, కవర్లు పొయ్యిలో పడేశాను. రాజు బొమ్మ మీద బర్మా అని అచ్చు కొట్టిన స్టాంపులు అవి. 1937 ఏప్రిల్‌లో బర్మాను మన దేశం నుంచి విడదీసినప్పుడు, సొంత స్టాంపులు వచ్చేదాకా ఇండియా స్టాంపుల మీదే ఆ పేరు వేసి వాడారు. ఆ స్టాంపులు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనివి ఆ కవర్లు. ఒకదాని అంచున సెన్సారు చీటీ అంటించి ఉన్నట్టు, ఇంకొకదాని మీద ఊదా రంగు ముద్ర ఉన్నట్టు లీలగా గుర్తు. 1942లో జపానువాళ్ళు రంగూన్ పట్టుకోబోయే ముందు ఆయన రాసిన ఆఖరి ఉత్తరం ఏ తేదీన బయల్దేరిందో, ఎటు తిరిగి ఎన్నాళ్ళకు మా ఇల్లు చేరిందో ఆ కవరు ఒక్కటే చెప్పగలిగేది. దాన్ని నేనే కాల్చేశాను. ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఇంతగా చెబుతున్నాను.

స్టాంపు ఊడదీస్తే మిగిలేది రంగు కాగితం ముక్క. కవరు మీద ఉన్నంతసేపూ అది ఒక ప్రయాణానికి సాక్ష్యం. ఈసారి ఒక కవరు చేతిలోకి తీసుకున్నప్పుడు ముందువైపు చూసి ఊరుకోకండి, వెనక్కి తిప్పండి. ముందు బయల్దేరిన ఊరి ముద్ర ఉంటుంది. వెనక దారిలో చేతులు మారిన చోట కొట్టిన ముద్రలు, చివరికి చేరిన ఊరి ముద్ర ఉంటాయి. ఆ తేదీలు వరుసగా రాసుకుంటే ఉత్తరం ఏ దారిన వచ్చిందో, ఎక్కడ ఆగిందో తేలిపోతుంది. తర్వాత ఎంత డబ్బు కట్టారో లెక్క చూడండి. ఆనాటి రేటుకు సరిగ్గా ఉందా, తక్కువైందా, ఎక్కువైందా? తక్కువైతే బేరింగ్ ముద్ర ఉంటుంది, అందుకున్నవాళ్ళు పోస్టుమాన్‌కు డబ్బు కట్టి విడిపించుకుని ఉంటారు. ఎక్కువైతే అది రిజిస్టరు కవరేమో, లేదా ఆ రోజు టపా కట్టేశాక స్టేషనుకు పరుగెత్తి లేట్ ఫీ కట్టి మెయిల్ వ్యానులో వేసిన ఉత్తరమేమో. ఇలా ఒక్కో కవరుకూ ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని కనిపెట్టి రెండు వాక్యాల్లో రాయగలగడమే పోస్టల్ హిస్టరీ. పోటీల్లో ఇది ప్రత్యేకంగా ఒక తరగతి.

ఇక బెజవాడ సంగతి మీకు నేను చెప్పాలా? నిజాం రాజ్యం నుంచి రైలు 1889లో బెజవాడ చేరింది. గుంతకల్లు, గుంటూరు వైపు నుంచి సదరన్ మరాఠా కంపెనీ వాళ్ళ మీటరుగేజి లైను వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయ్యాక ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ ఒకటయ్యాయి. అటు మద్రాసు, ఇటు కలకత్తా, అటు హైదరాబాదు, ఇటు బందరు. ఇన్ని దారుల ఉత్తరాలు ఈ జంక్షనులో సంచులు మారాయి. ఈనాటికీ విజయవాడ ఆర్‌ఎంఎస్‌ను వై డివిజన్ అనే పిలుస్తారు. మీ బాబాయిగారు ఆ ఉద్యోగమే చేశారు కదా. కదులుతున్న రైల్లో, గూళ్ళ ముందు నిలబడి, ఒక్కో ఉత్తరాన్నీ దాని ఊరి గూట్లో వేస్తూ, తెల్లవారేలోపు సంచులు కట్టి సీలు వేసిన మనిషి. ఆర్‌ఎంఎస్ ముద్రలో ఉండే సెక్షను గుర్తు ఏ లైనుదో, సెట్టు నంబరు అంటే ఏమిటో, ఇన్ అంటే ఏ వైపు ప్రయాణమో, అవుట్ అంటే ఏ వైపో పుస్తకాలు చూడకుండా చెప్పగలిగినవాళ్ళు మనలో ఇంకెంతమంది మిగిలారు? అలాంటి మనిషిని పక్కన పెట్టుకుని మీరు గాంధీ స్టాంపు కోసం అప్పు గురించి ఆలోచిస్తున్నారు.

ఆ పెట్టెల్లో ఏమేం వెతకాలో నాలుగు మాటలు చెబుతాను. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత స్టాంపులు ఉండేవి, అవి ఆ రాజ్యం లోపలే చెల్లేవి. 1950లో ఆ తపాలా మన తపాలాలో కలిసిపోయింది. అందుకని ఖమ్మం వైపు నుంచి బెజవాడకు వచ్చిన పాత ఉత్తరం ఏది కనపడినా దాని మీద ఎవరి స్టాంపు ఉందో చూడండి. నిజాం స్టాంపు ఒక్కటే అంటించి సరిహద్దు దాటించిన కవరు దొరికితే, బేరింగ్ ముద్ర ఏమైనా ఉందేమో చూసి భద్రంగా పక్కన పెట్టండి. 1947 ఆగస్టు తర్వాతి కవర్ల మీద కూడా ఆరో జార్జి రాజు బొమ్మే కనిపిస్తుంది, కంగారు పడకండి. స్వతంత్ర భారతం మొదటి స్టాంపు, జెండా బొమ్మతో జై హింద్ అని ఉన్న మూడున్నర అణాల స్టాంపు, ఆ ఏడాది నవంబరు 21న గానీ రాలేదు. ఆ జెండాకు రూపం ఇచ్చిన పింగళి వెంకయ్యగారు మన భట్లపెనుమర్రు మనిషే. ఆయన మీద 2009లో స్టాంపు వచ్చింది.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. ఆ ఏడాది కవర్ల మీద అణాల స్టాంపూ నయాపైసల స్టాంపూ పక్కపక్కన అంటించినవి దొరుకుతాయి. 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి ఆఖరు దాకా, బంగ్లాదేశ్ శరణార్థుల సాయం కోసం ఉత్తరాల మీద అయిదు పైసలు అదనంగా వసూలు చేశారు. తొందర్లో కొత్త స్టాంపు అచ్చుకు టైము చాలక, ఉన్న అయిదు పైసల ఫ్యామిలీ ప్లానింగ్ స్టాంపు మీదే రెఫ్యూజీ రిలీఫ్ అని అచ్చు కొట్టించారు. కొన్ని ఊళ్ళలో అక్కడికక్కడే ముద్రలు తయారు చేయించి కొట్టారు. మన ఇళ్ళలో ఎవరూ పట్టించుకోని కాగితాలివి. అర్ధ రూపాయి పెట్టి కొన్న కవరు కూడా సరైన చోట నిలబెడితే జడ్జీ దాని ముందు ఆగి చూస్తాడు.

ఇంకొకటి, ఇది మీ సంఘం చేయదగ్గ అసలైన పరిశోధన. ఇంగ్లిషువాళ్ళ కాలపు ముద్రలో మన ఊరు బెజ్‌వాడ. తర్వాత విజయవాడ అయింది. ఊరంతా ఒకే రోజున మారిపోలేదు. హెడ్డాఫీసు ముద్ర ఒకప్పుడు, బ్రాంచీల ముద్రలు ఇంకొకప్పుడు, రైల్వే ముద్రలు మరొకప్పుడు మారి ఉంటాయి. పాత ముద్రను అరిగిపోయేదాకా వాడే అలవాటు మన ఆఫీసులకు ఉండేదే కదా. బాబాయిగారి కవర్లను తేదీల వరుసలో పేర్చి చూడండి. బెజ్‌వాడ అని చివరిసారి ఏ తేదీన కనపడింది, విజయవాడ అని మొదటిసారి ఎక్కడ కనపడింది అని ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. గుంటూరు ముద్రల స్పెల్లింగు కూడా ఇలాగే మారింది, నేను నా కవర్లతో ఆ పని చేస్తున్నాను.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను. అందరి స్టాంపులూ కలిపి సంఘం పేరుతో పోటీలో పెట్టడం కుదరదు. ఎగ్జిబిట్, అంటే పోటీకి పెట్టే కవర్లు, స్టాంపుల షీట్లు, వాటిని పెట్టేవాళ్ళ సొంతం అయివుండాలి. అంటే బాబాయిగారి కవర్లు బాబాయిగారి పేరుతోనే వెళ్ళాలి. ఈ మాట మీ సభలో ముందే, అందరి ఎదుటా చెప్పేయండి. ఆయనకు వయసైపోయింది కదా అని ఇంకొకరి పేరు పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే అది అన్యాయం, రూలుకు కూడా విరుద్ధం. సంఘం చేయగలిగింది వేరే ఉంది. ఒకరు స్కానింగు, ఒకరు ఇంగ్లిషు రాత, ఒకరు పాత రేట్లు వెతకడం, ఒకరు కాగితం కత్తిరించి అమర్చడం. ఎగ్జిబిట్ ఒకరిది, చేతులు పదిహేడు మందివి.

నేరుగా అంతర్జాతీయానికి దరఖాస్తు చేసుకుంటే తీసుకోరు. జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి, ఆ పైన జాతీయ స్థాయి ప్రదర్శనలు తపాలా శాఖ జరుపుతుంది. జాతీయ స్థాయిలో తగిన పతకం తెచ్చుకున్న ఎగ్జిబిట్‌కే పైకి దారి. ప్రపంచ స్థాయి ప్రదర్శనలకు నియమాలు పెట్టేది 1926లో ఏర్పడిన ఎఫ్‌ఐపీ అనే అంతర్జాతీయ ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) సమాఖ్య. ఆసియా దేశాలకు 1974లో పుట్టిన ఎఫ్‌ఐఏపీ అనే సమాఖ్య ఉంది. మన దేశం తరఫున ఫిలాటెలిక్ కాంగ్రెస్ ఆఫ్ ఇండియా అందులో సభ్యురాలు. ప్రతి ప్రదర్శనకూ దేశానికి ఒక కమిషనర్‌ను నియమిస్తారు. దరఖాస్తు ఆయన ద్వారానే వెళ్ళాలి, మీ షీట్లను ఆయనే పట్టుకెళ్ళి, కస్టమ్స్‌లో జాబితా చూపించి, తిరిగి తెచ్చి ఇస్తారు. కాబట్టి ఇది ఈ సంక్రాంతికి మొదలుపెట్టి వచ్చే సంక్రాంతికి ముగించే పని కాదు. రెండు మూడేళ్ళు పట్టొచ్చు. సభ్యులకు ఇది ముందే తెలిస్తే మధ్యలో నీరుగారిపోరు.

ఎంత పెట్టాలి అంటారా? ప్రదర్శనలో షీట్లు అమర్చే బోర్డును ఫ్రేము అంటారు, ఒక ఫ్రేములో 16 షీట్లు పడతాయి, ఒక్కోటీ ఇంచుమించు ఏ4 సైజు. పెద్ద తరగతుల్లో మొదటిసారి వచ్చేవాళ్ళకు అయిదు ఫ్రేములు, అంటే 80 షీట్లు. ఎనిమిది ఫ్రేములు కావాలంటే ముందు 85 మార్కుల స్థాయికి చేరాలి. 80 షీట్లంటే భయం వేస్తుంది కదూ. మీరు వన్ ఫ్రేమ్ తరగతితో మొదలుపెట్టండి. పదహారంటే పదహారే షీట్లు. అయితే పెద్ద కథలోంచి పదహారు షీట్లు చించి పెట్టడం కాకుండా, పదహారు షీట్లలోనే పూర్తయ్యే చిన్న విషయం కావాలి. 'బెజవాడ జంక్షనులో చేతులు మారిన ఉత్తరాలు' లాంటిది. మొదటి షీటులో విషయం ఏమిటో, ఏ వరుసలో చూపిస్తున్నారో చెప్పాలి. అక్కణ్ణుంచి కంపెనీ లైన్ల కాలం, నిజాం సరిహద్దు, యుద్ధకాలం, పేరు మారిన కాలం, పైసల కాలం అని నడిపించవచ్చు. లేదా మొత్తం ఆర్‌ఎంఎస్ ముద్రల మీదే నిలబడవచ్చు. నన్నడిగితే రెండోదే ఎంచుకుంటాను. చూసిన ప్రతివాడూ మొదటిదానిలా ఏదో ఒకటి చేయగలడు, రెండోది మీ బాబాయిగారు తప్ప చేయలేరు.

మార్కుల లెక్క ఒకసారి చూడండి, సగం వాదనలు వాటంతటవే ఆగిపోతాయి. పోస్టల్ హిస్టరీకి వందలో, విషయాన్ని నడిపించిన తీరుకు 20, విషయానికి ఉన్న ప్రాధాన్యానికి 10, మీ పరిజ్ఞానానికీ సొంత పరిశోధనకూ 35, కవర్ల స్థితికి 10, అరుదుదనానికి 20. అందంగా అమర్చినందుకు 5. అయిదే అయిదు. రంగుల కాగితాలు, మెరుపు అంచులు, కంప్యూటర్‌లో చేసిన పూల బోర్డర్లు, ఇవన్నీ ఆ అయిదు మార్కుల కోసమే. వాటి మీద నెల రోజులు పెట్టి, 35 మార్కుల పని మీద ఒక ఆదివారం కూడా పెట్టని సంఘాలను చూశాను. తెల్లటి మందపాటి యాసిడ్ లేని కాగితం, నల్ల అక్షరాలు, షీటుకు ఒకటో రెండో కవర్లు, కింద నాలుగు పంక్తుల రాత, అంతే చాలు. కవరు వెనకవైపు ముఖ్యమైతే దాని ఫోటో పెట్టొచ్చు, కానీ అసలు సైజుకు కనీసం పాతిక శాతం తేడాతో ఉండాలి, లేకపోతే నకలును అసలు అనుకునే ప్రమాదం ఉంది.

రాత ఇంగ్లిషులో ఉండాలి. ఇక్కడ మీకో సలహా. ముందు తెలుగులోనే రాయండి. బాబాయిగారు చెప్పినట్టే, ఆయన మాటల్లోనే రాసుకోండి. తర్వాత మీలో ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్ళు చిన్న చిన్న వాక్యాల్లోకి మార్చండి. నేరుగా ఇంగ్లిషులో మొదలుపెడితే ఆయన మాట్లాడటం మానేస్తారు. నేను అలా ఒకరిని పోగొట్టుకున్నాను. తపాలా ముద్రల గురించి ఆయనకు తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు, మా సమావేశాలన్నీ ఇంగ్లిషులో జరుగుతుంటే మెల్లగా రావడం తగ్గించి, చివరికి రానే లేదు.

గాంధీ స్టాంపు కొనొద్దు. 1948 ఆగస్టు 15న వచ్చిన ఆ నాలుగు స్టాంపులు, ఒకటిన్నర, మూడున్నర, పన్నెండు అణాలవి, పది రూపాయలది, నిజంగా అందమైనవి, నాకూ ఇష్టమే. స్విట్జర్లాండులో కుర్వాజియే ప్రెస్సులో ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయ్యాయి. పది రూపాయల దానికి నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. నిపుణుల సర్టిఫికెట్ లేకుండా కొంటే అప్పూ మిగులుతుంది, నకిలీ కాగితమూ మిగులుతుంది. అసలుదే దొరికినా, మీరు చెప్పే కథలో దానికి చోటు లేదు. బెజవాడ ఉత్తరాల మధ్య ఖరీదైన స్టాంపు ఒకటి పెడితే అది అక్కడ ఎందుకుందని అడుగుతారు. ఆ డబ్బుతో ఒక మంచి స్కానర్, షీట్లకు పాలిస్టర్ కవర్లు, జాతీయ ప్రదర్శనకు వెళ్ళివచ్చే రైలు ఖర్చు వస్తాయి. జాతీయ ప్రదర్శన ఎక్కడ జరిగినా మీలో ఇద్దరు ముగ్గురు తప్పకుండా వెళ్ళి చూడండి. 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఇండిపెక్స్ జరిగినప్పుడు నేను వెళ్ళాను. అలహాబాద్ నుంచి నైనికి 1911లో ఎగిరిన మొదటి విమాన తపాలాకు వందేళ్ళయిన సందర్భం. ఖద్దరు మీద అచ్చేసిన గాంధీ స్టాంపు కోసం జనం బారులు తీరారు. నన్ను మాత్రం ఎక్కువసేపు నిలబెట్టింది పాత ముద్రలున్న మామూలు కవర్ల ఫ్రేములే. ఒక్కో షీటూ చదివి, తర్వాతి షీటుకు జరగబుద్ధి కాక మళ్ళీ మొదటికి వచ్చాను. అప్పుడు అర్థమైంది ఎగ్జిబిట్ అంటే ఏమిటో.

తడిసిన ఆల్బమ్‌ల గురించి. ఆ సభ్యుడికి నా తరఫున ధైర్యం చెప్పండి. బుడమేరు నీళ్ళు ఇళ్ళలో నిలబడ్డ ఆ రోజుల్లో ఆల్బమ్‌లు బయటకు తేవాలన్న ఆలోచన వచ్చిందంటేనే ఆయనకు వాటి మీద ఎంత ప్రేమో తెలుస్తోంది. వాడిన స్టాంపులు మట్టి పట్టి ఉంటే శుభ్రమైన నీళ్ళలో కాసేపు ఉంచి, మెల్లగా కడిగి, బొమ్మ కింది వైపుకు వచ్చేలా బ్లాటింగ్ కాగితం మీద ఆరబెట్టి, పైన బరువు పెట్టవచ్చు. నీటికి కరిగే రంగులతో అచ్చయిన పాత స్టాంపులు కొన్ని ఉంటాయి, అనుమానం ఉన్నవి తడపొద్దు. వెనక జిగురుతో కలిసి అతుక్కుపోయిన కొత్త స్టాంపులను బలవంతంగా లాగొద్దు. కవర్లు తడిస్తే నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి, ఎండలో పెడితే కాగితం పెళుసెక్కి వంగిపోతుంది. బూజు పట్టినవాటిని మంచివాటి పక్కన ఉంచకండి. పోటీకి పనికొస్తాయా అంటే, మార్కెట్లో దొరికే స్టాంపు మరకతో పెడితే మార్కులు పోతాయి. ఇంకెక్కడా దొరకని కవరైతే మరకతోనే పెట్టొచ్చు, జడ్జీలు అర్థం చేసుకుంటారు. బాగుచేయించినది మాత్రం బాగుచేయించాం అని రాయాలి. దాచకూడదు.

వరద రాకపోయినా మన ఊళ్ళ ఉక్క చాలు కాగితాన్ని తినేయడానికి. తుప్పు రంగు చుక్కలు మొదట ఒక స్టాంపు అంచు పళ్ళ మీద కనపడతాయి, రెండు వానాకాలాలు గడిస్తే పేజీ అంతా పాకుతాయి. గోడకు ఆనించిన చెక్క బీరువాలో పెట్టకండి. ఆల్బమ్‌లు పడుకోబెట్టకుండా నిలబెట్టండి, మధ్య సిలికా జెల్ పొట్లాలు ఉంచి, అవి తేమ పీల్చాక మార్చండి. కలరా ఉండలు వేయొద్దు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు చవకగా దొరుకుతాయి కానీ కొన్నేళ్ళకు జిడ్డు కారి స్టాంపు రంగును లాగేస్తాయి. సెల్లోటేపు అసలు దగ్గరికి రానివ్వకండి. ఇంకో మాట, లామినేషన్. మా బంధువు ఒకాయన మంచి ఉద్దేశంతోనే తన తండ్రి దాచిన పోస్టుకార్డులన్నీ లామినేట్ చేయించి తెచ్చి నాకు చూపించారు. 1879లో అణాలో నాలుగో వంతు ధరకు మొదలైన తొలి కార్డుల్లోవి రెండు అందులో ఉన్నాయి. వాటిని బయటకు తీసే దారి లేదు. నాకు నోట మాట రాలేదు.

కుర్రాళ్ళను తిట్టకండి. వాళ్ళకు చేతినిండా పని ఇవ్వండి. యూత్ తరగతి వేరే ఉంది. 10 నుంచి 15, 16 నుంచి 18, 19 నుంచి 21 ఏళ్ళని మూడు గుంపులు, వాళ్ళకు నియమాలూ తేలిక. డాన్సు నేర్చుకునే అమ్మాయి ఉంటే 1975లో వచ్చిన నాట్యాల సెట్టులో మన కూచిపూడి స్టాంపుతో మొదలుపెట్టి, దేశదేశాల నాట్యాల మీద థీమాటిక్, అంటే ఒకే అంశం మీది స్టాంపులతో అల్లిన ఎగ్జిబిట్, చేయొచ్చు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలైతే తపాలా శాఖ ఇచ్చే దీన్‌దయాళ్ స్పర్శ్ స్కాలర్‌షిప్‌కు రాయించండి, ఏడాదికి 6,000 రూపాయలు. ఫిలాటెలీ క్లబ్బులో సభ్యత్వమో, డిపాజిట్ ఖాతానో ఉండాలి, వివరాలు హెడ్ పోస్టాఫీసు ఫిలాటెలీ కౌంటర్లో చెబుతారు. పిల్లలకు ఇంకో పని కూడా అప్పజెప్పండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. రిజిస్టరు చీటీ అంటించిన కవర్లు ఇళ్ళలో ఇంకా పడి ఉన్నాయి, ఎవరూ పాతవిగా లెక్కచేయడం లేదు. కోర్టు నోటీసులు, చిట్‌ఫండ్ కాగితాలు, పరీక్ష ఫీజుల కవర్లు. ఎవరైనా పారేసే లోపల పోగు చేయమనండి.

ఇక బాబాయిగారు. 'ఎవరు చూస్తారమ్మా' అన్న మాటకు మీరు ఏమీ వాదించకండి. వచ్చే ఆదివారం ఆయన పక్కన కూర్చుని, పెట్టెలోంచి చేతికందిన కవరు ఒకటి తీసి, వెనక్కి తిప్పి, ఈ ముద్ర ఏ రైలుదండీ అని అడగండి. ఫోన్లో రికార్డింగు పెట్టుకోండి. ఒక కవరు నుంచి ఇంకో కవరుకు ఆయనే వెళ్తారు, మీరు ఆపాల్సి వస్తుంది. ఆయన చెప్పింది పెన్సిల్‌తో కాగితం మీద రాసి, ఆ కవరుతోనే పాలిస్టర్ సంచిలో పెట్టండి. కవరు మీద మాత్రం పెన్సిల్ కూడా ఆనించకండి. అలా పది ఆదివారాలు గడిచాక పదహారు షీట్ల గురించి మాట్లాడుకుందాం.

నిజాం స్టాంపు మీద బెజవాడ ముద్ర ఒక్కటి కనపడినా ముందూ వెనకా ఫోటో తీసి నాకు పంపండి. ఆ ఆదివారానికి నేను గుంటూరు నుంచి బస్సెక్కి మీ మేడ మీదకు వస్తాను.